కారణం టీచరు

ఆమెకొక పేరు ఉండేది గానీ బడిలో దాన్ని వాడేవాళ్ళు లేరు. పిల్లలకీ, పిల్లల తల్లిదండ్రులకీ, గేటు పక్కన గొడుగులు బాగుచేసుకుంటూ కూర్చునే ముసలాయనకీ కూడా ఆమె కారణం టీచరే.

పదో తరగతికి రేఖాగణితం చెప్పేది. ఆమె గదిలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా నల్లబల్ల దగ్గరకు వచ్చి "ఈ రెండు కోణాలూ సమానం" అని రాశారంటే చాలు, మిగతా గదంతా ఒక్క గొంతుతో "కారణం?" అని అడగాలి. "శీర్షాభిముఖ కోణాలు కాబట్టి" అని జవాబు వస్తే ఆ వాక్యం నిలుస్తుంది. రాకపోతే రాసినవాళ్ళే డస్టరు తీసుకుని తుడిచెయ్యాలి. ఈ నియమం టీచరుకూ వర్తిస్తుంది. ఆమె ఎప్పుడు తొందరలో ఒక మెట్టు దాటేస్తుందా అని వెనక బెంచీలవాళ్ళు కాచుకుని ఉండేవాళ్ళు. దాటిందా, పైకప్పు లేచిపోయేలా అరిచేవాళ్ళు. ఆమె సుద్దముక్క కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, "తప్పయింది నాయనా, మెట్టు మింగేశాను" అనేది. ఆ పూట పిల్లల ఆనందానికి పట్టపగ్గాలుండేవి కావు.

ఈ అలవాటు ఇళ్ళకు కూడా పాకింది. ఒకసారి ఒక తల్లి బడికి వచ్చి, "మీరేం నేర్పుతున్నారో గానీ టీచర్, మావాణ్ణి స్నానం చెయ్యరా అంటే కారణం అంటున్నాడు. వీపు మీద రెండు కారణాలు ఇచ్చాను" అని మొత్తుకుంది.

"ఒకటి సరిపోయేదమ్మా. నిరూపణలో అనవసరమైన మెట్టు ఉండకూడదు" అంది టీచరు గంభీరంగా. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

ఏడాది పొడవునా ఆ గదిలో జరిగేది బయటివాళ్ళకు చిన్న విషయమే. బడి తెరిచిన కొత్తలో బిందువు. "దీనికి పొడవు లేదు, వెడల్పు లేదు, ఉనికి మాత్రం ఉంది" అని ఆమె చెబితే, "మా అన్నయ్యలాగే టీచర్, ఇంట్లో ఉంటాడంతే" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. బిందువుల తర్వాత రేఖలు, కోణాలు, ఎంత దూరం పోయినా కలవని సమాంతర రేఖలు. ఆపైన త్రిభుజాలు: ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చంగా సరిపోయేవి కొన్ని, పరిమాణం వేరైనా పోలిక చెదరనివి కొన్ని. అన్నిటికన్నా చివర వృత్తాలు. ఏది నిరూపించాలన్నా ముందు దత్తాంశం రాయాలి, అంటే మనకు ఇచ్చినది. తర్వాత సారాంశం, మనం తేల్చవలసినది. ఆ రెంటి మధ్య ఉన్న దూరాన్ని ఒక్కో మెట్టూ కారణంతో దాటాలి.

వీటన్నిటికీ అడుగున ఆమె పెట్టే పాఠం ఒకటే. "బొమ్మను నమ్మకండర్రా. సమానంగా ఉన్నట్టుంది కదా అనుకున్నారంటే మునిగారు. కన్ను మోసం చేస్తుంది, కారణం చెయ్యదు." అందుకని కావాలనే బొమ్మలు వంకరగా గీసేది. మూడు భుజాలూ సమానమైన త్రిభుజాన్ని ఒక పక్కకు ఒరిగిపోయినట్టు గీసి, భుజాల మీద సమానమని చిన్న గుర్తులు పెట్టి, "గీతను కాదు, గుర్తును చూడండి" అనేది.

కన్ను మోసం చేస్తుందని అన్నేళ్ళు చెప్పిన మనిషిని చివరకు తన కన్నే మోసం చేసింది.

ఆమె భర్తకు బజారులో పటాలకు చట్రాలు కట్టే కొట్టు ఉంది. బడి అయ్యాక ఆమె అక్కడికి వెళ్ళేది, ఇద్దరూ కలిసి ఇంటికి నడిచేవాళ్ళు. ఒక సాయంత్రం గోడకు ఆనించిన చట్రం చూసి, "ఇదేమిటండీ, పక్కకర్ర నడిమికి వంగిపోయింది?" అంది. ఆయన స్కేలు ఆనించి చూశాడు. "నా కర్ర నిటారుగానే ఉంది. వంకరంతా నీ చూపులోనే" అని నవ్వాడు. మర్నాడు బడిలో తను గీసిన సరళరేఖ కూడా మధ్యలో కుంగినట్టు కనిపించింది. తలుపు అంచూ అంతే. కిటికీ ఊచలూ అంతే. అప్పుడు ఆమెకు నవ్వు రాలేదు.

"కంటి లోపలి పొర మధ్యలో పాడవుతోందమ్మా" అన్నాడు డాక్టరు. "పక్కచూపు ఉంటుంది. గోడలు తగలకుండా నడవగలరు. ఎదురుగా దేన్ని చూస్తారో అదే కనిపించదు. ఉన్నదాన్ని కాస్త నిలబెట్టడానికి మందులిస్తాను. పోయినదాన్ని తెచ్చివ్వలేను." చెప్పవలసిన మాట కష్టమైనదే గానీ ఆయన మెత్తగా చెప్పాడు. తర్వాత తలుపుదాకా లేచి వచ్చి, అక్కడ మెట్టుందని చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకోవటాన్ని ఆమె చాలాకాలం తలుచుకునేది.

ఏడాది తిరిగేసరికి గడియారం వంక చూస్తే అంచున అంకెలు కనిపించేవి, ముళ్ళు కనిపించేవి కావు. మనిషి వంక చూస్తే చెవులూ జుట్టూ ఉండేవి, ముఖం ఉండవలసిన చోట బూడిదరంగు మరక ఉండేది. వృత్తం గీస్తే పరిధి తెలిసేది, కేంద్రం తెలిసేది కాదు.

బడిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. సైన్సు మాస్టారికి చెవులు తగ్గాయని తెలిసిన కొద్దిరోజులకే ఆయన్ని తరగతుల్లోంచి తీసి పుస్తకాల గదిలో కూర్చోబెట్టారు. అందరూ ఆయనతో మర్యాదగానే ఉండేవాళ్ళు. ఆయన మాత్రం చిరిగిన పుస్తకాలకు అట్టలు అంటిస్తూ, ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేవాడు.

"ఈ ఒక్క ఏడాదండీ" అంది భర్తతో. "వృత్తాలు పూర్తిచేసి ఈ పిల్లల్ని పరీక్షకు పంపిస్తే చాలు. తర్వాత నేనే వెళ్ళి చెప్పేస్తాను."

"ఈలోగా దొరికిపోతే?"

"దొరికితే ఆ రోజే ఆఖరు. ఆ గదిలోకి మళ్ళీ అడుగు పెట్టనివ్వరు."

పిల్లల పరీక్ష కాగితాలు ఆయన సాయంత్రాల్లో కొట్టులోనే కూర్చుని ఆమెకు చదివి వినిపించేవాడు. ఆయనకు ఆ లెక్కలు అంతుబట్టేవి కావు. "కోణం ఏబీసీ ఈజ్ ఈక్వల్ టూ" అంటూ రంపం పక్కన పెట్టి, పంతులు మంత్రం చదివినట్టు చదివేవాడు. "ఇదిగో, వీడు ఇక్కడ ఏదో తుడిచి మళ్ళీ రాశాడు, పాపం" అని మధ్యలో తరఫుదారీ కూడా. ఆమె విని మార్కులు చెప్పేది, ఆయన వేసేవాడు.

పాఠ్యపుస్తకం ఆమెకు కంఠతా వచ్చు. పిల్లల్ని గొంతులతో గుర్తుపట్టేది. పెద్ద వృత్తం గియ్యాలంటే నల్లబల్లకు దగ్గరగా నిలబడి భుజం కదలకుండా చెయ్యంతా తిప్పేది. ప్రతి ఉదయం మెట్ల మొదట్లో ఆగి, "స్వామీ, ఈ పూట గట్టెక్కించు" అని మనసులో అనుకుని పైకెక్కేది. గట్టెక్కుతూనే ఉంది. నల్లబల్ల మీద డస్టరు ఎప్పుడూ కుడిమూలనే ఉండేది. కుర్చీ ఎప్పుడూ గోడవైపే జరిగి ఉండేది. ఆ ఏడు సుద్ద కూడా మంచిది వచ్చింది. పిల్లలు గీసిన గీతలు లావుగా, తెల్లగా, పక్కచూపుకు కూడా అందేలా ఉండేవి.

"ఈసారి సుద్ద బాగుందండీ, గీత మెరుస్తోంది" అంది ఒకరోజు భర్తతో. ఆయన "ఊఁ" అన్నాడు.

గది ఊడ్చే ఆయా మాత్రం సణుగుతూ ఉండేది. "ఈ గదిలోనే ఏం చీమలమ్మా ఇవి! మిగతా గదుల్లో ఒక్కటి లేదు. సుద్దపెట్టె నిండా చీమలే. మీ పాఠం అంత తియ్యగా ఉంటుందేమో!"

"మరి పిల్లలకెందుకు చేదుగా ఉందో" అంది టీచరు.

ఆ తరగతిలో పిచ్చుక అని ఒక పిల్ల ఉండేది. సన్నటి గొంతు, ఎవరూ వినకపోతే బాగుండునన్నట్టు మాట్లాడేది. అందుకని తోటిపిల్లలు పెట్టిన పేరు. వాళ్ళమ్మ బజారు చివర బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆ ఏడే ఈ బడికి కొత్తగా వచ్చింది కాబట్టి ఆ పిల్ల ముఖం టీచరుకు తెలియదు. గొంతు తెలుసు, జడలకు కట్టే నీలం రిబ్బన్లు తెలుసు. నల్లబల్ల దగ్గరకు రమ్మంటే పిచ్చుక బెంచీకి అతుక్కుపోయేది. ఎంత బతిమాలినా వచ్చేది కాదు.

వృత్తాల పాఠం సగానికి వచ్చిన రోజు టీచరు ఆయా దగ్గర్నుంచి బకెట్టు మూత తెప్పించింది. దాన్ని బల్లకు ఆనించి చుట్టూ గీయించింది.

"ఇదిగో వృత్తం. మూతతో గీశాం గనక కేంద్రం ఎక్కడో ఎవరికీ తెలియదు. పోయింది. వెతికి పట్టుకోవాలి. ఎవరొస్తారు?"

కాసేపు బెంచీల చప్పుడు. తర్వాత ఆ సన్నటి గొంతు. "నేను రానా టీచర్?"

గదంతా ఆ పిల్లవైపు తిరిగింది. టీచరుకు గుండె నిండినట్టయింది. "రామ్మా, రా."

కేంద్రం వెతకటానికి ఆమె చెప్పిన పద్ధతి ఒకటుంది. వృత్తంలో రెండు జ్యాలు గీసి, వృత్తలేఖినితో చాపాలు కొట్టి, ఒక్కో జ్యాను లంబంగా, సరిసగంగా ఖండించే రేఖ గీస్తే, ఆ రెండు రేఖలూ కేంద్రం దగ్గర కలుస్తాయి. బడిలో ఉన్నది కర్రతో చేసిన పెద్ద వృత్తలేఖిని. దాని మొన బల్లకు తగిలినప్పుడల్లా టక్కుమంటుంది. టీచరు ఆ చప్పుళ్ళ కోసం చెవి ఒగ్గి నిలబడింది. నాలుగైనా రావాలి. ఒక్కటీ రాలేదు. బల్ల మీద ఏదో కర్ర ఆనించిన చప్పుడు, సుద్ద గీసిన చప్పుడు, మళ్ళీ అదే. "అయింది టీచర్."

టీచరు బల్లవైపు చూసింది. మూతతో గీసిన గుండ్రం అంచులు కనిపించాయి. మధ్యలో మరక.

"చాపాలేవమ్మా?"

"గియ్యలేదు టీచర్."

"చాపాలు లేకుండా కేంద్రం ఎలా వచ్చింది?"

పిచ్చుక నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో గానీ, టీచరు ఆగలేదు. ఆ ఏడంతా దాచుకున్న భయమే అప్పుడు కోపమై వచ్చిందేమో. "అక్కడున్నట్టు కంటికి తోచింది, చుక్క పెట్టేశావు. అంతేనా? ఇన్నాళ్ళూ నేను చెప్పిందేమిటి?"

"బొమ్మను నమ్మొద్దని."

"మరి నువ్వు చేసింది ఒప్పా, తప్పా?"

ఆ పిల్ల కాసేపు టీచరు ముఖంలోకి చూసింది. ఆ చూపు టీచరుకు కనిపించలేదు. గదిలో అందరికీ కనిపించింది.

"తప్పే టీచర్" అంది పిచ్చుక.

భోజనాల గంట కొట్టారు. మామూలుగా అయితే బెంచీలు విరిగిపోయేలా పరిగెత్తే పిల్లలు, చావు జరిగిన ఇంట్లోంచి వెళ్ళినట్టు ఒక్కొక్కరే నడిచి వెళ్ళిపోయారు. టీచరు కుర్చీలో కూర్చుంది. ఏదో వెలితిగా ఉంది. ఏమిటది? ఆ పిల్ల "తప్పే" అంది. ఒక వాక్యం చెప్పింది. గదంతా విన్నది. ఎవరూ కారణం అడగలేదు.

ఆమె లేచి బల్ల దగ్గరకు వెళ్ళింది. ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, పక్షి చూసినట్టు తల పక్కకు తిప్పి, చూపు అంచుతో గీతల వెంట కదిలింది. వృత్తం మీద ఒకచోట చిన్న చతురస్రం గుర్తు దొరికింది. లంబకోణం గుర్తు. దాని రెండు భుజాలూ వృత్తాన్ని రెండు చోట్ల తాకాయి. ఆ రెండు చోట్లనూ కలుపుతూ ఒక గీత. ఇంకోవైపు మళ్ళీ అలాంటి గుర్తే, అలాంటి గీతే. రెండు గీతలూ ఖండించుకున్న చోట చుక్క.

ఆ పిల్ల వాడింది మూలమట్టం, లంబకోణపు మూల ఉన్న కర్ర. దాని మూలను వృత్తం మీద ఆనించి, భుజాలు వృత్తాన్ని ఎక్కడ తాకితే అక్కడ గుర్తుపెట్టి కలిపింది. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం. వృత్తం మీద లంబకోణం ఉందంటే దాని ఎదుట ఉన్నది వ్యాసమే. రెండు వ్యాసాలు ఎక్కడ కలిస్తే అదే కేంద్రం. చాపాల అవసరమే లేదు. వారం కిందట ఆమె చెప్పిన సిద్ధాంతమే అది. పుస్తకంలో లేని దారి, ఒక్క మెట్టు కూడా తప్పులేని దారి, బెంచీ వదిలి ఎన్నడూ రాని పిల్ల తన అంతట తాను వెతుక్కున్న దారి.

టీచరు ఆ చుక్క మీద వేలు పెట్టింది. వేలు జిగటగా అంటుకుంది. ఒక చీమ చేతి మీదకు ఎక్కింది.

డ్రాయింగు మాస్టారు చార్టుల చుట్ట పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆ గదిలో తర్వాతి పాఠం ఆయనది.

"మాస్టారూ, ఈ సుద్ద తియ్యగా ఉందేమిటి?" అంది ఆమె వెనక్కి తిరగకుండానే.

ఆయన చార్టులు బెంచీ మీద పెట్టబోయి ఆగాడు. "పంచదార నీళ్ళలో నానబెట్టి ఆరబెడితే గీత లావుగా, తెల్లగా పడుతుందక్కా. పిల్లలు అడిగారు, నేనే చెప్పాను."

"ఎందుకడిగారు?"

"ఒకరోజు మీరు బొమ్మ మీదే ఇంకో బొమ్మ గీశారట. చూసుకోలేదట." ఆయన చార్టుల చుట్టను అటూ ఇటూ తిప్పాడు. "అప్పట్నుంచీ వంతులేసుకుని నానబెడుతున్నారు. డస్టరు కుడిమూల పెట్టటం, కుర్చీ జరపటం అన్నీ వాళ్ళే. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు కూడా వేయించుకున్నారు. ఇప్పుడు తప్పాను."

ఆమె చీర కొంగుతో వేలు తుడుచుకుంది. జిగట పోలేదు.

సాయంత్రం కొట్టులో భర్తకు జరిగింది చెప్పింది. ఆయన చట్రం మూలలు అతికిస్తూ విన్నాడు.

"అందరికీ తెలుసటండీ."

"ఊఁ."

"మీకూ తెలుసా, వాళ్ళకు తెలుసని?"

ఆయన జిగురు డబ్బా మూత పెట్టాడు. "డ్రాయింగు మాస్టారు చట్రం కోసం వచ్చినప్పుడు చెప్పాడు. నువ్వు దాచుకుంటున్నావు కదా అని నేనూ దాచుకున్నాను."

ఆమె చాలాసేపు వీధివైపు ముఖం పెట్టి కూర్చుంది. మనుషుల కాళ్ళూ, సైకిళ్ళ చక్రాలూ, గొడుగుల అంచులూ వెళ్ళిపోతున్నాయి. "అంతమంది అంత మంచిగా ఉన్నారండీ" అంది చివరకు. "దేవుడు వాళ్ళను చల్లగా చూడాలి. కానీ ఆ పిల్ల ఒప్పును తప్పంది. నా ముఖం చూసి అంది. నా గదిలో అంది."

"చిన్నపిల్ల. జాలిపడింది."

"అదే చెబుతున్నాను. ఇంకో నెల నేనక్కడుంటే ఇంకెందరిచేత ఎన్ని అనిపిస్తానో."

"పరీక్షలదాకా అన్నావు."

"అన్నాను."

ఆయన లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఉండమని గానీ మానమని గానీ అనలేదు. ఆమె చేతికి అంటుకున్న రంపపుపొట్టు దులిపాడు.

మర్నాడు ఆమె హాజరు పిలవలేదు. నేరుగా బల్ల దగ్గరకు వెళ్ళి సుద్ద తీసుకుంది.

"నిన్న పిచ్చుక గీసింది ఒప్పు. నూటికి నూరుపాళ్ళూ ఒప్పు. తప్పు చదివింది నేను. ఇప్పుడు నేనొకటి రాస్తాను, చూడండి."

రాసింది.

దత్తాంశం: ఒక టీచరుకు ఎదుట ఉన్నదాని మధ్యభాగం కనిపించదు.

సారాంశం: ఆమె ఈ తరగతికి పాఠం చెప్పకూడదు.

రెండో వాక్యం సగంలో మొదటిదాని మీదకు ఎక్కింది. ఎవరూ నవ్వలేదు.

"అడగండి" అంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. "రాశాను కదా. కారణం అడగరేం?"

వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. వీపు మీద రెండు కారణాలు తిన్నవాడే. "మేం అడగం టీచర్. కారణం చెప్పని వాక్యాన్ని తుడిచెయ్యాలి కదా. మేం అడగం, మీరు చెప్పరు, తుడిచేద్దాం."

ఇంకో రోజయితే ఆ తెలివికి ఆమె మురిసిపోయేది. ఇప్పుడు పెదవులు బిగించి నిలబడింది. ఆ గది అలాగే ఎంతసేపు ఉండేదో, ముందువరసలోంచి సన్నటి గొంతు లేచింది.

"కారణం?"

టీచరు ఆ గొంతువైపు తిరిగింది. "నిన్న నువ్వు సరైనది గీసి, నాకోసం తప్పన్నావు తల్లీ. ఇంతమంది విని, ఒక్కరూ కారణం అడగలేదు. జాలికొద్దీ అడగలేదు. మీ జాలి గొప్పది, నేను దానికి తగను. కానీ ఈ గదిలో జాలి కారణం కాదు. నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ మీరు నాకోసం కారణాలు మింగేస్తూనే ఉంటారు."

ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఆమె సుద్దను పెట్టెలో పెట్టి, గోడ పట్టుకోకుండానే బయటకు నడిచింది.

హెడ్‌మిస్ట్రెస్ ఆమె చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాకు చెప్పకుండా ఉండాల్సింది టీచర్" అంది. "విన్నాక వినలేదని ఉండలేను."

"తెలుసండీ."

"పుస్తకాల గదిలో..."

"వద్దండీ" అంది టీచరు. "నేను ఇంట్లో ఉంటాను."

హెడ్‌మిస్ట్రెస్ ఆమెను గేటుదాకా తనే దిగబెట్టింది. గొడుగుల ముసలాయన లేచి నిలబడి, తన రేకుడబ్బా దారిలోంచి పక్కకు లాగాడు.

తర్వాతి రోజులు పెద్దగా చెప్పుకోవటానికి లేవు. ఉదయాలు బరువుగా ఉండేవి. బడి గంట వినపడే వేళకు ఆమె కాళ్ళు వాటంతటవే వాకిట్లోకి వెళ్ళేవి. భర్త ఆమెను కొట్టుకు తీసుకుపోయి, గాజుపలకలు తుడిచే పని ఇచ్చాడు. తుడిచేది. వేలితో అంచులు తడిమి మూలలు సరిగా అతికాయో లేదో చెప్పేది. వచ్చినవాళ్ళు "బాగున్నారా టీచర్?" అంటే "బాగున్నాను" అనేది. మందులు వాడుతున్నా మరక కొంచెం కొంచెంగా పెరుగుతూనే ఉంది. దేవుణ్ణి కోరుకోవటానికి ఏమీ మిగలక, పొద్దున్నే పిల్లల పేర్లు ఒక్కొక్కటే తలుచుకునేది.

పరీక్షలకు ముందు, వాన పట్టిన ఒక సాయంత్రం, కొట్టు గుమ్మంలో నీలం రిబ్బన్లు కనిపించాయి.

"నేను టీచర్."

"పిచ్చుకా! తడిశావా? లోపలికి రా. ఏవండీ, ఆ తువ్వాలు అందుకోండి."

పిచ్చుక గౌను లోపల దాచి తెచ్చిన కాగితం కవరు తీసింది. "చట్రం కట్టించమని అందరూ పంపారు. తరగతి ఫోటో."

"కొత్త సారు ఎలా చెబుతున్నారు?"

"బాగానే చెబుతారు టీచర్. బొమ్మలు అచ్చు పుస్తకంలోలాగే వేస్తారు." తడిసిన రిబ్బను పిండుకుంది. "కారణం అని అరిస్తే గోలగా ఉందన్నారు. మానేశాం."

టీచరు తల ఊపింది. రంపం చప్పుడు ఒకసారి ఆగి మళ్ళీ మొదలైంది.

"ఫోటో చూడండి టీచర్. మేమే అనుకుని అలా నిలబడ్డాం. ఫోటోగ్రాఫరు ఒప్పుకోలేదు, మధ్యలో ఎవరూ లేకుండా ఇదేం ఫోటో అన్నాడు. మేం వినలేదు. అందరం అంచులమ్మటే నిలబడ్డాం, గుండ్రంగా. మీరు మధ్యలోకి చూస్తే చాలు, చుట్టూ మేమందరం కనిపిస్తాం."

టీచరు ఫోటోను రెండు చేతులతో పట్టుకుంది. దగ్గరగా తెచ్చింది, దూరంగా పెట్టింది. ఖాళీగా వదిలిన నడిమి భాగంలోకి చూసింది. పిల్లలు లెక్క బాగానే వేశారు. కానీ ఫోటో చిన్నది, మరక పెద్దది. అంచుల్లో తెల్లటి మచ్చలు ఉన్నాయి, చొక్కాలు కాబోలు. వాటి పైన ముఖాలు ఉండాలి. తల పక్కకు తిప్పింది. మచ్చలు కదిలాయి, ముఖాలు రాలేదు.

వానలో తడుస్తూ వచ్చిన పిల్ల ఎదురుగా నిలబడి ఉంది.

"కనిపిస్తున్నారమ్మా" అంది టీచరు. "అందరూ కనిపిస్తున్నారు."

పిచ్చుక టీచరు చూపు ఎటుందో చూసింది. చూరు మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు ఆ పిల్ల దాదాపు వినపడకుండా అడిగింది.

"కారణం?"

టీచరు ఫోటోను ఒళ్ళో పెట్టుకుంది.

"లేదమ్మా" అంది. "కనిపించటం లేదు. తుడిచెయ్యి ఆ మాట."

పిచ్చుక పీట లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. టీచరు వేలు పట్టుకుని ఫోటో అంచు మీద ఆనించింది.

"ఇక్కణ్ణుంచి చెప్పనా టీచర్, ఎవరు ఎక్కడున్నారో?"

"చెప్పు."

లోపల భర్త రంపం పక్కన పెట్టేశాడు.